పల్లిపాడు ఆశ్రమంలో మా పాప అడిగిన ప్రశ్న: దొంగ దొరికాక కూడా ఎందుకు ఆపలేకపోయారు?

పెన్నాగట్టు · ఆదివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఈరోజు పొద్దున పాపని స్కూటీ మీద పల్లిపాడు తీసుకెళ్లాను. ఎనిమిదో తరగతి చదువుతోంది. జనవరి 30న, గాంధీగారి వర్ధంతికి, బడి ప్రార్థన దగ్గర మూడు నిమిషాలు మాట్లాడమని టీచర్ చెప్పారంట. నెట్‌లో చూసి బట్టీ పట్టేబదులు పెన్నా ఒడ్డున ఆశ్రమం చూసొస్తే మంచిదనిపించింది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారే వచ్చి ప్రారంభించిన చోటు అది. నెల్లూరుకి ఇంత దగ్గర్లో ఉన్నా మనలో సగంమంది చూసుండరు. నేనూ ఇదే రెండోసారి.

అంతా తిరిగి చెట్టుకింద కూర్చుని ఇడ్లీ తింటుంటే అడిగింది. "నాన్నా, గాంధీగారిని చంపడానికి పది రోజుల ముందు కూడా బాంబు పేల్చారంట కదా? ఒకడు దొరికాడంట కదా? మరి మిగతావాళ్లని ఎందుకు పట్టుకోలేదు?"

నాకు తెలీదు. "అప్పట్లో ఫోన్లు లేవు కదమ్మా" అన్నాను. "ఢిల్లీలో కూడా లేవా?" అంది. ఇక నోరు మూసుకుని ఇడ్లీ తిన్నాను.

తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. పిల్లకి అర్థమయ్యేలా ఉంటే చాలు.

గూడూరు నిమ్మ · 8:52

అన్నా, ఫోన్లు ఉన్నాయి. ఫోన్ చేసేవాళ్లే లేరు.

ఉలవపాడు మామిడి · 9:05

మా నాయనమ్మ ఆ రోజు సంగతి చెప్పేది. ఊళ్లో ఒక్క రైసుమిల్లు ఆయన ఇంట్లోనే రేడియో ఉండేదంట. చీకటి పడ్డాక ఆ ఇంటి అరుగు దగ్గర మగాళ్లు గుమిగూడి ఉంటే ఎవరో ముసలాయన పోయాడేమో అనుకుందంట. ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు, మర్నాడు ఇంట్లో మనిషి పోయినట్టే అందరూ తలస్నానాలు చేశారు. ఆమెకి గాంధీ ఎవరో పెద్దగా తెలీదు. "ఆయన్ని ఒక్కడు చంపలేదంట, ఏడెనిమిది మంది కూడబలుక్కున్నారంట" అని మాత్రం ప్రతిసారీ చెప్పేది. ఆ "కూడబలుక్కున్నారు" అన్న మాట దగ్గర గొంతు తగ్గించేది. అదొక్కటి గుర్తుండిపోయింది నాకు.

కావలి మాస్టారు · 9:48

పాప అడిగిన ప్రశ్ననే 1966లో ప్రభుత్వం, గాంధీ హత్య కుట్ర మీద వేసిన కపూర్ కమిషన్‌ని అడిగింది. వాళ్లకి మూడేళ్లు పట్టింది. నేను కుదించి చెప్పడానికి చూస్తాను. చరిత్ర చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి, నిడివి ఎక్కువైతే క్షమించాలి.

1948 జనవరి 20. ఢిల్లీ బిర్లా హౌస్‌లో సాయంత్రం ప్రార్థన. రెండు రోజుల కిందటే గాంధీ నిరాహారదీక్ష విరమించారు, మనిషి బాగా నీరసంగా ఉన్నారు. ప్రార్థన జరిగే చోటుకి వెనకవైపు గోడ దగ్గర మందు పేలింది. పేల్చినవాడు మదన్‌లాల్ పహ్వా, పంజాబ్ నుంచి వచ్చిన కాందిశీకుడు. గోడ కొంత విరిగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. సులోచనాదేవి అనే ఆమె వాణ్ణి చూపించింది, అక్కడికక్కడే పట్టుకున్నారు. అసలు పథకంలో ఆ పేలుడు జనాన్ని చెదరగొట్టడానికే. ఆ గందరగోళంలో వెనకనున్న నౌకరు గదిలోంచి, జాలీ కంతల గుండా బడ్గే అనేవాడు గాంధీ వీపు మీద కాల్చాలి. ఆ గదిలోకి వెళ్తే బయటికి రాలేనని అతను చివరి నిమిషంలో వెనక్కి తగ్గాడు. మిగతావాళ్లు టాంగా, టాక్సీ పట్టుకుని జారుకున్నారు.

ఇప్పుడు పాప ప్రశ్న. పోలీసుల చేతికి ఏం దొరికిందో చూడండి.

మదన్‌లాల్ ఆ రాత్రే నోరు విప్పాడు. తనతో వచ్చినవాళ్లలో ఒకడు పుణెలో ఒక మరాఠీ పత్రికకి ఎడిటర్ అన్నాడు. ఆ పత్రిక మొదట "అగ్రణి", తర్వాత "హిందూ రాష్ట్ర". బొంబాయి రాష్ట్రంలో వచ్చే పత్రికల సర్కారీ జాబితా తెరిస్తే ఆ ఎడిటర్ పేరు నాథూరాం గాడ్సే అని ఉంటుంది. ఆ జాబితా ఎవరూ తెరవలేదు.

వాళ్లు దిగిన హోటల్ కూడా చూపించాడు. కనాట్ ప్లేస్‌లో మరీనా హోటల్, 40వ నంబరు గది. రిజిస్టర్‌లో ఎస్. దేశ్‌పాండే, ఎం. దేశ్‌పాండే అని ఉంది. రెండూ దొంగపేర్లే. అయితే వాళ్లు వదిలేసి వెళ్లిన బట్టల మీద చాకలి గుర్తు ఉంది: ఎన్.వి.జి. నాథూరాం వినాయక్ గాడ్సే. బట్టలు భద్రంగా తీసి పెట్టారు. అంతే.

బొంబాయిలో ఇంకో ముక్క. రుయా కాలేజీ ప్రొఫెసర్ జగదీశ్‌చంద్ర జైన్‌కి మదన్‌లాల్ ముందే తెలుసు. గాంధీని చంపబోతున్నామని అతను అంటే, ఇల్లూవాకిలీ పోగొట్టుకున్నవాడి ఆవేశం అనుకున్నాడాయన. 21న పేపర్లో పేరు చూసి గుండె జారిపోయింది. పరుగున వెళ్లి బొంబాయి హోంమంత్రి మొరార్జీ దేశాయ్‌కి చెప్పాడు. మొరార్జీ ఆ రాత్రే డిప్యూటీ కమిషనర్ నగర్వాలాకి చెప్పారు, మర్నాడు అహ్మదాబాద్‌లో సర్దార్ పటేల్‌కి చెప్పారు.

అంటే హోంమంత్రికి తెలుసు, ఇంకో హోంమంత్రికి తెలుసు, ఢిల్లీ పోలీసులకి తెలుసు, బొంబాయి పోలీసులకి తెలుసు. పుణె పోలీసులకి గాడ్సే మొహం బాగా తెలుసు, కానీ వాళ్లని అడిగినవాడు లేడు.

మిగతాది రేపు. ఇంట్లో లైటు ఆర్పమంటున్నారు.

పెన్నాగట్టు · 10:02

మాస్టారూ, ఇంత మంచి చోట ఆపేశారేంటండీ. పాప పక్కనే కూర్చుని చదివింది. "ఆ గుర్తు బట్టల మీద ఎట్టా రాస్తారు నాన్నా" అని అడుగుతోంది. నాకదీ తెలీదు.

ప్రశ్నించేవాడు · 10:30

ఇదంతా పైపై కథ. అసలు గాంధీ ఒంట్లో నాలుగో తూటా ఎక్కడి నుంచి వచ్చింది? అది ఎవరూ మాట్లాడరు. పెద్ద తలకాయలు ఉన్నాయి దీని వెనక.

ఒంగోలు వకీలు · 10:47

మాట్లాడారు సార్, సుప్రీంకోర్టులోనే మాట్లాడారు. కేసు మళ్లీ విచారించాలని పిటిషన్ వేస్తే, సీనియర్ లాయర్‌ని పెట్టి పాత కాగితాలన్నీ చూపించి, 2018 మార్చిలో కొట్టేశారు. తూటాలు మూడే. పిస్టల్ ఇటలీలో తయారైన బెరెట్టా, నంబరు 606824. గ్వాలియర్‌లో సంపాదించారు.

పెద్ద తలకాయల కోసం వెతికేవాళ్లకి చిన్న తలకాయలు చేసిన పని కనపడదు. నా ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో చూసిన కుట్ర కేసులన్నీ ఇంతే. టీ బంకు, లాడ్జి, బాకీ, బస్సు టికెట్టు.

ప్రశ్నించేవాడు · 10:51

మీరు లాయర్లు అట్టాగే అంటారు.

నిర్వాహకుడు · 10:55

ఇద్దరూ రేపు పొద్దున మాట్లాడుకోండి.

కావలి మాస్టారు · సోమవారం ఉదయం 6:15

పాలు కాగేలోపు మిగతాది చెప్పేస్తాను.

21నే ఢిల్లీ నుంచి ఇద్దరు పోలీసు అధికారులు విమానంలో బొంబాయి వెళ్లారు. అక్కడ నగర్వాలా వాళ్లని పెద్దగా పట్టించుకోలేదు, తిరిగి పంపించేశారు. వాళ్లు తీసుకెళ్లిన కాగితంలో ఆ పత్రిక పేరు ఉందా లేదా? ఇరవై ఏళ్ల తర్వాత కమిషన్ ముందు ఢిల్లీవాళ్లది ఒక మాట, బొంబాయివాళ్లది ఒక మాట. నగర్వాలా బుర్రలో అప్పటికే ఒక లెక్క ఉంది: ఇది హత్య కాదు, ఏదో పెద్ద ముఠా గాంధీని ఎత్తుకుపోవాలని చూస్తోంది అని. ఆ లెక్కకి సరిపోయే మనుషుల కోసమే వెతికారు. తెలివితక్కువ మనిషి కాదు. నమ్మింది ఒకటి ఉంటే కళ్ల ముందున్నది కనపడదు, మనందరికీ ఉన్న జబ్బే.

ఇక రాణాగారి ప్రయాణం. పుణె సీఐడీ అధికారి యు.హెచ్. రాణా అప్పుడు ఢిల్లీలోనే ఉన్నారు. మదన్‌లాల్ వాంగ్మూలం ఆయన చేతికిచ్చారు. పుణె ఎడిటర్ ఎవరో క్షణంలో తేల్చగలిగినవాడు ఆయనే. ఆ కాగితం పట్టుకుని రైలెక్కారు. తిన్నగా కూడా కాదు, అలహాబాద్ మీదుగా. 27న బొంబాయిలో దిగారు. అదే 27న గాడ్సే, కుట్రలో అతని జతగాడు ఆప్టే బొంబాయి నుంచి దొంగపేర్లతో విమానంలో ఢిల్లీ వెళ్లారు.

కాగితం రైల్లో వస్తే హంతకుడు విమానంలో వెళ్లాడు. ఈ మాట క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీవాళ్లు కూడా తల ఎత్తేవాళ్లు.

మూడు రోజుల తర్వాత, 30 సాయంత్రం 5 దాటి 17 నిమిషాలకి, బిర్లా హౌస్ పచ్చికలో.

స్టోన్‌హౌస్‌పేట · 7:20

సెక్యూరిటీ పెంచలేదా మాస్టారూ? మా వార్డులో కార్పొరేటర్ వస్తేనే ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటారు.

కావలి మాస్టారు · 7:34

పెంచారు. మఫ్టీలో మనుషుల్ని పెట్టారు. ప్రార్థనకి వచ్చే ప్రతివాణ్ణీ తడిమి చూస్తామంటే గాంధీ ఒప్పుకోలేదు. దేవుడి దగ్గరికి వచ్చేవాణ్ణి సోదా చేస్తారా అని ఆయన పట్టుదల. పోలీసులకి అది మంచి సాకు కూడా అయింది. గేటు దగ్గర తడమొద్దన్నారు సరే. పుణెకి ఫోన్ చేయొద్దని ఆయన అనలేదు కదా.

ఇస్త్రీపెట్టె · మధ్యాహ్నం 1:10

నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయను. పాప అడిగింది కాబట్టి రాస్తున్నాను.

మాది నాలుగు తరాలుగా ఇదే వృత్తి. తాత పెన్నాలో ఉతికేవాడు, నాకు నెల్లూరులో చిన్న లాండ్రీ షాపు. ఆ గుర్తు నల్లజీడి గింజతో పెడతారు. గింజని గుచ్చితే నల్లటి రసం వస్తుంది. దాన్ని పుల్లతో గానీ సూదితో గానీ తీసి, చొక్కా కాలర్ లోపల, ధోవతి అంచు మీద, కనపడని చోట గుర్తు వేస్తారు. పైన తడిసున్నం రాస్తే రంగు పట్టేస్తుంది. ఇక సబ్బు, సోడా, బండ దెబ్బ, ఏదీ దాన్ని కదిలించలేదు. గుడ్డ చిరిగిపోతుంది కానీ గుర్తు పోదు.

తాతకి చదువు లేదు. రెండు చుక్కలు ఒక గీత అంటే కోమటోళ్ల ఇల్లు, మూడు గీతలు అంటే పోస్టుమాస్టరు. ఇంగ్లీషు అక్షరాలు వేసేది చదువుకున్నవాళ్లకి, హోటళ్లకి బట్టలిచ్చేవాళ్లకి. ఒక్కో రేవులో ఒక్కో పద్ధతి. తీసుకొచ్చి చూపిస్తే "ఇది ఫలానా వాడి చేతి గుర్తు" అని చెప్పేసేవాడు మా తాత. ఒకసారి పెన్నాలో శవం కొట్టుకొస్తే పోలీసులు మా తాతకి చొక్కా చూపించి అడిగారంట. కాలర్ తిప్పి చూసి ఊరు చెప్పాడు. అరగంటలో మనిషి ఎవరో తెలిసింది.

మాస్టారు రాసింది రాత్రి చదివి నిద్ర పట్టలేదు నాకు. ఎన్.వి.జి. అని మూడక్షరాలు. పుణెలో ఏ చాకలి రేవుకైనా ఆ గుడ్డ పట్టుకెళ్లి ఉంటే చెప్పేవాళ్లు. చాకలోణ్ణి ఎవరడుగుతారు?

గూడూరు నిమ్మ · 1:25

అన్నా, ఇన్నాళ్లూ రాయకుండా ఎందుకున్నావు నువ్వు!

ఉలవపాడు మామిడి · 1:40

కాలర్ తిప్పి చూసి ఊరు చెప్పడం. అబ్బ.

ఒంగోలు వకీలు · 3:15

కోర్టులో వాయిదా పడింది, క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను. మనవాళ్లకి పెద్దగా తెలియని సంగతి ఒకటి. ఆ కేసు ముద్దాయిల్లో ఒక తెలుగువాడు ఉన్నాడు.

శంకర్, తండ్రి పేరు కిష్టయ్య, షోలాపూర్ వాడు. అక్కడ మన నేతపనివాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. పుణెలో బడ్గేకి ఆయుధాల కొట్టు ఉండేది, ఈ కుర్రాడు ఆ కొట్లో నౌకరు. సామాన్లు మోస్తాడు, చెప్పిన చోటికి వెళ్తాడు. ఢిల్లీ తీసుకెళ్లారు, వెళ్లాడు. రివాల్వర్, బాంబు ఇచ్చి పట్టుకోమన్నారు, పట్టుకున్నాడు. 20వ తేదీ యజమాని "వద్దులే, పద" అంటే వెనకాలే వచ్చేశాడు.

ఎర్రకోటలో విచారణ. జడ్జి ఆత్మాచరణ్. కోర్టులో హిందుస్తానీ, మరాఠీతోపాటు తెలుగు దుబాసీని కూడా పెట్టాల్సి వచ్చింది, ఈ ఒక్కడి కోసం. దేశమంతా చూస్తున్న కేసు, ఎర్రకోట గోడల మధ్య మన తెలుగు వినపడింది, ఇలా.

తమాషా ఏంటంటే, కత్తులూ బాంబులూ అమ్మిన యజమాని బడ్గే అప్రూవర్‌గా మారి క్షమాభిక్ష పొందాడు. నౌకరుకి యావజ్జీవం పడింది. శిక్షని ఏడేళ్లకి తగ్గించమని జడ్జే సిఫార్సు చేశాడు. తర్వాత 1949లో తూర్పు పంజాబ్ హైకోర్టు సిమ్లాలో అప్పీలు విని శంకర్‌ని పూర్తిగా వదిలేసింది. ఇంట్లో పనివాడు యజమాని మాట విన్నంత మాత్రాన కుట్రలో భాగస్వామి కాడు. కుట్ర అంటే చట్టంలో ఒక ఒప్పందం. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 120-ఎ, 120-బి సెక్షన్లు, ఇప్పుడు కొత్త న్యాయసంహితలో 61. ఒప్పుకోవాలంటే ముందు తెలిసుండాలి. ఉలవపాడు వారి నాయనమ్మ చెప్పిన "కూడబలుక్కోవడం" ఉందే, సెక్షన్ సారాంశం అదే. మా సీనియర్లకి కూడా ఇంత బాగా చెప్పడం రాదు.

ప్రశ్నించేవాడు · 3:40

సరే, గాంధీ ఒక్కడి కోసమేనా ఇంతమంది? నెహ్రూ పేరు కూడా ఉందని విన్నాను.

ఒంగోలు వకీలు · 3:58

ఇది మంచి ప్రశ్న. బడ్గే సాక్ష్యంలో ఉంది. గాంధీ, నెహ్రూ, బెంగాల్ ముస్లిం లీగ్ నాయకుడు సుహ్రావర్దీ, ముగ్గురినీ తుదముట్టించాలని తనతో ఆప్టే అన్నాడని చెప్పాడు. ఆ మాటని ఇంకో ముద్దాయి, హిందూ మహాసభ నాయకుడు సావర్కర్‌కి ముడిపెట్టింది కూడా ఈ సాక్ష్యమే. అయితే అప్రూవర్ అంటే తన మెడ కాపాడుకోవడానికి పక్కవాడి మీద చెప్పేవాడు. అందుకే అతని మాటకి బయటి నుంచి ఇంకో ఆధారం తోడు కావాలంటాయి కోర్టులు. సావర్కర్ విషయంలో అది లేదన్నారు, నిర్దోషిగా విడిచిపెట్టారు. 1949 ఫిబ్రవరి 10 నాటి తీర్పు. గాడ్సే, ఆప్టేలకి ఉరి, నవంబరు 15న అంబాలా జైల్లో.

అదే తీర్పులో జనవరి 20కి, 30కి మధ్య పోలీసుల అలసత్వాన్ని జడ్జి గట్టిగా ఎత్తిచూపాడు. పాప అడిగింది జడ్జి కూడా అడిగాడన్నమాట.

స్టోన్‌హౌస్‌పేట · సాయంత్రం 6:05

ఇవన్నీ చదువుతుంటే 1991 గుర్తొచ్చింది. మే 21 రాత్రి మద్రాసు నుంచి నెల్లూరుకి లారీలో వస్తున్నాను, ఉల్లిగడ్డల లోడు దించి. గుమ్మిడిపూండి దాటాక ఒక్కో బండినీ ఆపేస్తున్నారు. ఎందుకో ఎవరికీ తెలీదు. సూళ్లూరుపేట దగ్గర హోటల్ మూసేసి, ముందర బెంచీ మీద ఓనరు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. "రాజీవ్ గాంధీని చంపేశారయ్యా, శ్రీపెరంబుదూర్లో" అన్నాడు. ఆ సాయంత్రం దాకా విశాఖలో ఉన్న మనిషి. తనే విమానం నడుపుకుంటూ మద్రాసు వెళ్లాడు. అప్పుడు మన వాకాడు జనార్దనరెడ్డిగారే ముఖ్యమంత్రి. మేం తెల్లారేదాకా లారీ కిందే పడుకున్నాం, అద్దాలు పగలగొడతారని భయం.

ఆ కేసు కూడా ఒక కెమెరా వల్లే తేలింది. ఫొటోలు తీసిన కుర్రాడు హరిబాబు పేలుడులో చచ్చిపోయాడు, కెమెరా మిగిలింది. అందులో ఒంటికి బాంబు కట్టుకుని దండ పట్టుకున్న ఆమె ఉంది, తెల్ల కుర్తాలో ఆ ముఠాని నడిపించిన శివరాసన్ ఉన్నాడు. ఈసారి మాత్రం ఆ ఫొటోలు పట్టుకుని వెతికారు, మూడు నెలల్లో బెంగళూరు పక్కన కోణనకుంటె దాకా వెళ్లారు. ప్రాణం పోయాక అందరికీ చురుకు వస్తుంది.

గూడూరు నిమ్మ · 6:22

ఆ జనార్దనరెడ్డిగారి మీద కూడా 2007 సెప్టెంబరులో మన జిల్లాలోనే మావోయిస్టులు మందుపాతర పేల్చారు కదా. ఆయనా, మంత్రిగా ఉన్న రాజ్యలక్ష్మిగారూ బతికారు, ముగ్గురు పోయారు. అప్పుడు నేను ఇంటర్. కాలేజీకి సెలవిచ్చారని సంతోషించాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బతికిన నాయకుల పేర్లు గుర్తున్నాయి, పోయినవాళ్ల పేర్లు ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు.

నిర్వాహకుడు · 6:30

మావోయిస్టుల చర్చకి ఫోరంలో వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి. దీన్ని 1948కే ఉంచుదాం.

కావలి మాస్టారు · 7:45

ఒక్క సంగతి కలిపి ముగిస్తాను. అసలు కపూర్ కమిషన్ ఎందుకు వచ్చింది? 1964లో నాథూరాం తమ్ముడు గోపాల్ గాడ్సే, కుట్రలో ఇంకో ముద్దాయి కర్కరే, మదన్‌లాల్ జైలు నుంచి విడుదలయ్యారు. పుణెలో వాళ్ల కోసం సభ పెట్టారు. ఆ సభలో తిలక్ మనవడు కేత్కర్, నాకు ముందే తెలుసు, నాథూరాం నాతో అన్నాడు అని బయటపెట్టాడు. దేశం భగ్గుమంది. పదహారేళ్లపాటు ఒక పెద్దమనిషి మామూలుగా భోంచేసి పడుకుంటూ ఆ మాట కడుపులో ఉంచుకున్నాడు! అప్పుడు గానీ ఎవరెవరికి ఎంత తెలుసు అని అధికారికంగా వెతకలేదు.

పెన్నాగట్టు · రాత్రి 9:10

అందరికీ దణ్ణం. మా ఇంట్లో రెండు రోజులుగా టీవీ పెట్టలేదు, ఇదే చదువుతున్నాం.

పాప ఉపన్యాసం రాసుకుంది. మొదట సత్యం, అహింస అని పేజీన్నర రాసింది, తర్వాత తనే కొట్టేసింది. ఇప్పుడు చొక్కాతో మొదలవుతుంది. "ఢిల్లీలో ఒక హోటల్ గదిలో ఒక చొక్కా ఉండిపోయింది. దాని మీద మూడు అక్షరాలు ఉన్నాయి" అని. రైలూ విమానం సంగతి పెట్టింది. శంకర్ సంగతి పెడదామంటే మూడు నిమిషాలు దాటుతోందంట. వకీలుగారు ఏమీ అనుకోకండి.

వాళ్ల టీచర్‌కి చూపిస్తే, చివర ఒక నీతివాక్యం పెట్టమన్నారంట. పాపకి ఇష్టం లేదు. నేనేం చెప్పలేదు.

ఇస్త్రీపెట్టె గారూ, ఒక చిన్న కోరిక. ఆ నల్లజీడి గుర్తు ఎట్టా ఉంటుందో స్టేజీ మీద చూపించాలంటోంది. ఇప్పుడు అది ఎక్కడైనా దొరుకుతుందా?

ఇస్త్రీపెట్టె · 9:32

ఇప్పుడు మేమూ కాగితం ట్యాగే పిన్ను చేస్తున్నాం సార్. ఆయుర్వేదం సామాన్ల కొట్లో గింజలు దొరుకుతాయి, నేను తెచ్చి ఉంచుతా. శనివారం సాయంత్రం పాపని షాపుకి తీసుకురండి. మా నాన్న ఉంటాడు, చూపు తగ్గింది కానీ చెయ్యి ఇంకా ఆడుతుంది, ఆయనే వేసిస్తాడు.

రసం మాత్రం పాపని ముట్టుకోనివ్వకండి, చర్మానికి తగిలితే బొబ్బలొస్తాయి. పాత తెల్లచొక్కా ఒకటి పట్టుకురండి. మళ్లీ వేసుకునేది వద్దు.